జైళ్ల విధానం మీద పరిశోధన: రాజనీతిశాస్త్ర విద్యార్థినికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసి నెట్ పరీక్షకు చదువుతున్నాను. 2021లో వరంగల్ కేంద్ర కారాగారాన్ని కూల్చివేసి, ఖైదీలను చర్లపల్లికీ ఇతర జైళ్లకూ తరలించినప్పుడు, ములాఖత్ కోసం వచ్చే కుటుంబాల గతి ఏమిటన్న ప్రశ్న నా మనసులో పడింది. జైళ్ల విధానం మీద పీహెచ్‌డీ చేసి, విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలిగా స్థిరపడాలని ఉంది. ఇది న్యాయశాస్త్రం వారో సమాజశాస్త్రం వారో చూసుకోవలసిన అంశమని, దీన్ని పట్టుకుంటే ఉద్యోగం రాదని మా అధ్యాపకులు ఒకరు అంటున్నారు. ఆడపిల్లకు జైళ్ల చుట్టూ తిరిగే చదువు ఎందుకని ఇంట్లో అభ్యంతరం. ముందుగా ఏదైనా స్వచ్ఛంద సంస్థలో చేరి జైలు లోపల పనిచేయడం మంచిదా? జీవితాంతం నమ్ముకోదగిన రంగమేనా ఇది?

సమాధానం: నమ్ముకోదగిన రంగమే. అయితే మీరు జైళ్ల నిపుణురాలిగా కాక, జైలును తన క్షేత్రంగా ఎంచుకున్న రాజనీతిశాస్త్ర పరిశోధకురాలిగా తయారు కావాలి. మీ ఉద్యోగ అవకాశాలు, మీ పరిశోధన విలువ రెండూ ఈ తేడా మీదే ఆధారపడి ఉంటాయి.

మీ మనసులో పడిన ప్రశ్ననే తీసుకోండి. నగరం మధ్యలో ఉన్న జైలును తొలగించి ఆ స్థలంలో ఆసుపత్రి కట్టాలన్న నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఏ అధికారంతో తీసుకున్నారు, ఆ నిర్ణయం వల్ల ఎక్కువగా ఇబ్బంది పడే వారిని ఎవరైనా అడిగారా, అడగకపోతే అడగనవసరం లేకుండా చేసిన ఏర్పాటు ఏమిటి? ఇవన్నీ అధికారం గురించిన ప్రశ్నలు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో నాలుగో అంశంగా జైళ్లు ఉన్నాయి. చాలా రాష్ట్రాలలో 1894 నాటి జైళ్ల చట్టమే ఇప్పటికీ పునాదిగా కొనసాగుతోంది. కేంద్ర హోం శాఖ 2016లో నమూనా జైలు మాన్యువల్‌ను (నిబంధనల పుస్తకాన్ని), 2023లో నమూనా చట్టాన్ని తయారుచేసి పంపినా, వాటిని స్వీకరించడం రాష్ట్రాల ఇష్టం. అరెస్టు చేసేది పోలీసులు, రిమాండుకు పంపేది న్యాయస్థానం, ఖైదీని కోర్టుకు తీసుకువెళ్లే ఎస్కార్టును ఇవ్వవలసింది మళ్లీ పోలీసులు, బడ్జెట్ ఇచ్చేది ఆర్థిక శాఖ. బ్యారక్‌లో చోటు లేదన్న కారణంతో ఖైదీని వెనక్కి పంపే అధికారం మాత్రం జైలు సూపరింటెండెంట్‌కు లేదు. ఇన్ని చేతుల మధ్య బాధ్యత ఎలా చెదిరిపోతుందో చెప్పగలిగిన శాస్త్రం మనది. ఇది మన సబ్జెక్టు కాదన్న మీ అధ్యాపకుల మాటతో నేను ఏకీభవించలేను.

వారికి చూపడానికి ఒకటి రెండు ఉదాహరణలు ఇస్తాను. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 62(5) సెక్షన్ ప్రకారం జైలులో ఉన్న వ్యక్తికి ఓటు లేదు. శిక్ష పడినవారికే కాదు, నేరం రుజువు కాని విచారణ ఖైదీకి కూడా లేదు. ముందస్తు నిర్బంధంలో, అంటే నేరం జరగకుండా ఆపడానికని ముందుగానే అదుపులో ఉంచినవారికి మాత్రం మినహాయింపు ఉంది. సుప్రీంకోర్టు 1997లో ఈ నిషేధాన్ని సమర్థించింది. ఓటు వేయలేని వ్యక్తి పోటీ కూడా చేయరాదని 2013లో అదే కోర్టు తీర్పు ఇస్తే, పార్లమెంటు అదే సంవత్సరం చట్టాన్ని సవరించి పోటీకి దారి తెరిచింది. ఫలితంగా విచారణ ఖైదీ తన నియోజకవర్గంలో ఓటు వేయలేడు గాని అభ్యర్థిగా నిలబడగలడు. 2024 లోక్‌సభ ఎన్నికలలో బారాముల్లా, ఖడూర్ సాహిబ్ స్థానాలలో గెలిచినవారు ఎన్నికల నాటికి నిర్బంధంలోనే ఉన్నారు. నాయకులకు దక్కిన వెసులుబాటు లక్షల సంఖ్యలో ఉన్న సామాన్య విచారణ ఖైదీలకు ఎందుకు దక్కలేదన్న ప్రశ్న ప్రాతినిధ్య సిద్ధాంతానికి సంబంధించినది కాకపోతే మరి దేనికి సంబంధించినది? శిక్ష తగ్గింపు విషయం కూడా ఇటువంటిదే. ఏపూరు సుధాకర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఇచ్చిన రెమిషన్ ఉత్తర్వును కొట్టివేస్తూ, కులం, మతం, రాజకీయ విధేయత వంటి వాటి ఆధారంగా ఇచ్చే క్షమాభిక్ష న్యాయసమీక్షకు లోబడి ఉంటుందని స్పష్టం చేసింది.

వాస్తవానికి ఖైదీ హక్కుల చరిత్రలో తెలుగు నేలకు పెద్ద స్థానమే ఉంది. శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ కోల్పోడని సుప్రీంకోర్టు 1974లో చెప్పింది విశాఖపట్నం కేంద్ర కారాగారంలోని నక్సలైట్ ఖైదీలు వేసిన కేసులోనే. జైలు గోడల మీద విద్యుత్ తీగలు అమర్చడం అందులో ఒక వివాదాంశం. అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలుపై 1977 మే నెలలో అర్ధరాత్రి దాటాక బాంబులతో దాడి జరిగి ఒక ఖైదీ మరణించగా, సార్వభౌమాధికారం పేరు చెప్పి ప్రభుత్వం నష్టపరిహారం నుంచి తప్పించుకోజాలదని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. ఈ రెండు తీర్పులనూ పూర్తి పాఠంతో చదవండి.

ఈ రంగంలో అధ్యాపకుల జీవితం ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ రాజనీతిశాస్త్ర ఆచార్యురాలు మేరీ గాట్‌షాక్ ప్రయాణం మీకు ఉపయోగపడుతుంది. ఆమె మొదటి గ్రంథం జైళ్ల గురించి కాదు. కార్మిక సంఘాలు, ఉద్యోగుల ఆరోగ్య బీమా మధ్య ఉన్న సంబంధం గురించి. సంక్షేమ రాజ్యం ఎలా ఏర్పడుతుంది, సంఘటిత వర్గాలు ప్రభుత్వ విధానాన్ని ఎటు నడిపిస్తాయి అన్న ప్రశ్నలతో చేయి తిరిగాకే, అవే ప్రశ్నలను శిక్షల వ్యవస్థకు వేశారు. అమెరికాలో ఖైదీల సంఖ్య 1970ల నుంచి ఎందుకు అంతగా పెరిగిందన్న దానికి నేరాల పెరుగుదల ఒక్కటే సమాధానం కాదని, రాజకీయ పక్షాలతో పాటు బాధితుల పక్షాన, మహిళల రక్షణ కోసం పనిచేసిన ఉద్యమాల పాత్రను కూడా పరిశీలించాలని ఆమె వాదించారు. అధిక ఖైదు కారణాలపై ఆ దేశ జాతీయ పరిశోధన మండలి నియమించిన సంఘంలో ఆమె సభ్యురాలు. ఆ సంఘం నివేదిక 2014లో వెలువడింది. అక్కడి నిర్ధారణలను మన దేశానికి యథాతథంగా తెచ్చుకోకండి. అక్కడి ప్రధాన సమస్య దీర్ఘకాలిక శిక్షలు కాగా, మన సమస్య విచారణ పూర్తికాని నిర్బంధం. మీరు ఆమె నుంచి నేర్చుకోవలసింది పని క్రమం: ముందు శాస్త్రంలో గట్టి పునాది, తరువాత క్షేత్రం.

అందుచేత ముందుగా జైలు లోపలికి వెళ్లి పనిచేయాలా అన్న మీ ప్రశ్నకు, వద్దనే చెబుతాను. కనీసం మొదటి రెండేళ్లు కాగితాల మీద గడపండి. జైలు బయట దొరికే కాగితాలలోనే ఒక మంచి సిద్ధాంత వ్యాసానికి సరిపడా సామగ్రి ఉంది, దాన్ని ఓపికగా చదివినవారే తక్కువ.

జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వెలువరించే జైళ్ల గణాంకాల నివేదికతో మొదలుపెట్టండి. 2022 నివేదిక ప్రకారం దేశంలోని 1,330 జైళ్లలో 4,36,266 మందికి చోటుండగా 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది, అంటే దాదాపు 76 శాతం, విచారణ ఖైదీలు. పత్రికలు ఇక్కడితో ఆగుతాయి, మీరు ఆగకూడదు. ఈ అంకెలు డిసెంబరు 31వ తేదీ నాటివి. ఏడాది పొడవునా జైలులోకి వచ్చినవారి సంఖ్య చూస్తే ఆ ఒక్కనాటి సంఖ్యకు సుమారు మూడు రెట్లు ఉంటుంది. కొద్ది వారాల రిమాండు గడిపి బెయిలుపై వెళ్లిపోయినవారు సంవత్సరాంతపు లెక్కలో కనిపించరు. కాని ఆ కొద్ది వారాలలోనే కూలి పని పోగొట్టుకున్నవారు, అద్దె ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చినవారు వారే. అలాగే రాష్ట్ర సగటును చూసి మోసపోవద్దు. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో ఆ సంవత్సరం జైళ్ల నిండుదల 170 శాతం దాటగా, మన రెండు రాష్ట్రాల సగటు నూటికి లోపే ఉంది. కేంద్ర కారాగారాలు, జిల్లా జైళ్లు, సబ్ జైళ్లకు విడివిడిగా లెక్క కట్టి చూసినప్పుడే ఆ సగటు వెనుక ఏముందో తెలుస్తుంది. ఒకే నేర విచారణ చట్టం కింద నడిచే రాష్ట్రాల మధ్య ఇంత తేడా ఎందుకు వచ్చింది? అరెస్టులు తక్కువా, బెయిళ్లు త్వరగా వస్తున్నాయా, జైళ్లే ఎక్కువ కట్టారా? ఈ ఒక్క తులనాత్మక ప్రశ్న మీద మంచి పీహెచ్‌డీ చేయవచ్చు.

జైలు మాన్యువళ్లు మరో నిధి. పాత్రికేయురాలు సుకన్య శాంత మాన్యువళ్లలో కుల వివక్ష ఎలా నిలిచి ఉందో పరిశోధించి 2020లో రాశారు. తరువాత ఆమే సుప్రీంకోర్టుకు వెళ్లారు. పశ్చిమ బెంగాల్ నిబంధనలలో, ఇతర ఖైదీలపై పర్యవేక్షకులుగా నియమించదగినవారి అర్హతలు చెబుతూ, సంచార జాతులవారి వంటి, పారిపోయే సహజ స్వభావం బలంగా ఉన్న వర్గాలను మినహాయించిన వాక్యం ఒకటుండేది. వలస పాలకులు కొన్ని జాతులపై వేసిన నేరస్థుల ముద్ర, వారు వెళ్లిపోయిన ఏడు దశాబ్దాల తరువాత కూడా పరిపాలన పుస్తకంలో నిబంధనగా బతికే ఉండింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇటువంటి నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పి, మాన్యువళ్లను సవరించాలని రాష్ట్రాలను ఆదేశించింది. దేశాన్ని కదిలించిన ఆ పరిశోధనకు ఆధారమైన నిబంధనలు ఎవరైనా చదవగలిగిన ముద్రిత పుస్తకాలలోనే ఉన్నాయని గమనించండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1979లో చేసుకున్న జైలు నిబంధనలను చేతిలోకి తీసుకుని, ఆ తీర్పు వెలుగులో ఒక్కొక్కటిగా పరిశీలిస్తే మీ మొదటి పరిశోధన వ్యాసం అక్కడే దొరుకుతుంది. శాసనసభ ప్రశ్నోత్తరాలు, హోం శాఖ పద్దుపై చర్చలు, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదికలు, జైళ్ల సంస్కరణలపై ఏ.ఎన్. ముల్లా సంఘం 1983లో ఇచ్చిన సిఫార్సులు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఇక లోపలికి వెళ్లే దశ. 2015లో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాలు పరిశోధకులు, పాత్రికేయులు, స్వచ్ఛంద సంస్థల ప్రవేశాన్ని సాధారణంగా అనుమతించరాదన్న ధోరణిలోనే ఉన్నాయి. అనుమతి దొరకవచ్చు, దొరికాక రద్దు కావచ్చు. లోపల దొరికే సమాచారం మీదే సిద్ధాంత వ్యాసం మొత్తం ఆధారపడితే, ఒక అధికారి బదిలీతో మీ మూడేళ్ల శ్రమ ఆగిపోతుంది. ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు: అనుమతి ఇచ్చిన శాఖను నొప్పించకూడదన్న జంకు మెల్లగా కలంలోకి దిగుతుంది. తెలంగాణ జైళ్ల శాఖ ఖైదీలతో పెట్రోలు బంకులు నడిపించడం మెచ్చుకోదగిన పని. కాని ఆ పనికి ఎవరిని ఎంపిక చేస్తారు, రోజుకూలి ఎంత, విడుదలయ్యాక ఆ అనుభవంతో బయట ఉద్యోగం దొరికిందా అని అడిగే స్వేచ్ఛ మీరు కాపాడుకోవాలి. శాఖను పొగిడే పరిశోధకురాలిగానో తిట్టే పరిశోధకురాలిగానో పేరు పడితే, ఆ తరువాత మీరు ఏం రాసినా దాన్ని ఆ పేరుతోనే చదువుతారు.

ఖైదీతో మాట్లాడే అవకాశం వచ్చిన రోజు మీ బాధ్యత రెట్టింపవుతుంది. పక్కనే వార్డర్ నిలబడి ఉండగా, సూపరింటెండెంట్ గారు పంపిస్తే వచ్చిన మనిషి చెప్పే ‘సరే’ నిజమైన సమ్మతి అవునో కాదో మీరే నిర్ణయించుకోవాలి. అనుమానం ఉంటే మాట్లాడకుండా పంపించడం ఉత్తమం. విచారణ ఖైదీని అతని కేసు గురించి ఎన్నడూ అడగకండి. న్యాయవాదికి చెప్పిన మాటకు చట్టం ఇచ్చే గోప్యతా రక్షణ పరిశోధకురాలికి చెప్పిన మాటకు లేదు. మీ నోటుపుస్తకంలో రాసుకున్నది రేపు అతనికే వ్యతిరేకంగా పనిచేయవచ్చు. బెయిలు గురించి కనుక్కుంటాను, ఇంటికి ఫోను చేస్తాను వంటి మాటలు జాలితో కూడా ఇవ్వవద్దు. లోపల ఉన్నవారు ఇటువంటి మాట మీద నెలల తరబడి ఆశ పెట్టుకుంటారు. నిజంగా సహాయం అవసరమని తోచినప్పుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు విషయం చేరేలా చూడండి. విడుదలైనవారితో బయట, వారికి అనువైన చోట జరిపే సంభాషణలు చాలా సందర్భాలలో లోపలి ఇంటర్వ్యూల కంటే నమ్మదగినవి. సిబ్బందిని కూడా మరువకండి: దేశంలో జైళ్ల శాఖ మంజూరు పోస్టులలో దాదాపు 30 శాతం ఖాళీగా ఉంటున్నాయి, ఆ భారం మోసే వార్డర్ల మీద మన భాషలో పరిశోధన దాదాపు లేదు.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. మన విశ్వవిద్యాలయాలలో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటున్నాయి, బోధన చాలావరకు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో నడుస్తోంది. ఏ అంశం ఎంచుకున్నా ఈ కష్టం ఉంటుంది. జైళ్ల అంశం వల్ల కొత్తగా వచ్చేది కాదు. మీరు జాగ్రత్త పడవలసింది, ఎంపిక మండలి ముందు మీరు భారత రాజకీయ వ్యవస్థ, ప్రభుత్వ పాలన, సమాఖ్య విధానం, రాజనీతి సిద్ధాంతం బోధించగల మనిషిగా కనిపించడంలో. సిద్ధాంత వ్యాసం శీర్షికలో ‘జైళ్లు’తో పాటు ‘సమాఖ్య విధానం’, ‘విధాన అమలు’, ‘పౌరసత్వం’ వంటి మాటల్లో ఏదో ఒకటి ఉండేలా, ఆ మాటకు తగ్గ వాదన లోపల ఉండేలా చూసుకోండి. నెట్ పరీక్ష రాజనీతిశాస్త్రంలోనే రాయండి. క్రిమినాలజీకి (నేరశాస్త్రానికి) విడిగా నెట్ ఉన్నా, ఆ విభాగాలు మన రాష్ట్రాలలో అరుదు. నెట్ ద్వారా దక్కే పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్ రావడం మీకు చాలా ముఖ్యం, ఎందుకంటే 2023 నుంచి నెలకు రూ.37,000గా ఉన్న ఆ ఫెలోషిప్ ఉంటే ఇంటి మీద ఆధారపడకుండా క్షేత్రపర్యటనలు చేయవచ్చు. అధ్యాపక అర్హత కోసం రాష్ట్ర స్థాయిలో జరిగే సెట్ పరీక్షను కూడా వదలకండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ రాజనీతిశాస్త్ర విభాగం, ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో జరిగే కార్యక్రమాలు గమనిస్తూ ఉండండి. ఉస్మానియా ప్రాంగణంలో భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది, దాన్ని వాడుకోండి. పర్యవేక్షకుల ఎంపికలో జైళ్ల మీద పనిచేసినవారే కావాలని పట్టుబట్టవద్దు. పోలీసు వ్యవస్థ, సంక్షేమ పథకాలు, స్థానిక పాలన మీద గట్టిగా పనిచేసి, మీ అధ్యాయాలను ఎర్రసిరాతో దిద్ది తిరిగి ఇచ్చే ఓపిక ఉన్నవారు చాలు.

ఇంట్లోవారి భయాన్ని తేలికగా తీసుకోకండి, వారితో వాదానికీ దిగకండి. మొదటి రెండేళ్ల పని గ్రంథాలయంలో, శాసనసభ పత్రాలలో, ప్రభుత్వ కార్యాలయాలలో ఉంటుందని వివరంగా చెబితే సగం ఆందోళన తగ్గుతుంది. మహిళా ఖైదీల పరిస్థితులపై కృష్ణ అయ్యర్ సంఘం 1987లోనే నివేదిక ఇచ్చినా, తల్లులతో పాటు జైలులో ఉండే పిల్లల విషయం ఇప్పటికీ తక్కువగా అధ్యయనం చేసిన అంశమేనని, మహిళా బ్యారక్‌లోకి మహిళా పరిశోధకులు వెళ్లడమే సులువని కూడా వారికి చెప్పండి.

నెట్ చదువు ఆపకుండానే ఈ నెలలో చేయగల పని ఒకటి సూచిస్తాను. జామీనుదారులు, డబ్బు లేక జైలులోనే మిగిలిపోయే పేదల కోసం కేంద్రం 2023లో పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. 2023 నాటి మార్గదర్శకాలు దాని కింద విచారణ ఖైదీ బెయిలుకు రూ.40,000 వరకు, శిక్ష పడిన ఖైదీ జరిమానాకు రూ.25,000 వరకు ఇవ్వవచ్చని చెప్పాయి. ఎవరికి ఇవ్వాలో జిల్లా స్థాయి సాధికార కమిటీ నిర్ణయిస్తుంది. అలాగే 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ నేరానికీ శిక్ష పడని విచారణ ఖైదీ, మరణశిక్షో యావజ్జీవమో పడగల కేసులు మినహా, గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైలులో గడిపితే అతని విడుదల కోసం కోర్టుకు దరఖాస్తు చేయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. ఈ రెండింటి మీద కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్ జిల్లాల సమాచారం కోరుతూ జైళ్ల శాఖ ప్రధాన కార్యాలయానికి, మూడు కలెక్టరేట్లకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఒక్కోదానికి పది రూపాయల రుసుము. పేర్లు అడగవద్దు, అడిగితే తిరస్కరించడానికి కారణం దొరుకుతుంది. సాధికార కమిటీ ఏ తేదీలలో సమావేశమైంది, ఎన్ని పేర్లు పరిశీలనకు వచ్చాయి, ఎన్ని ఆమోదం పొందాయి, తిరస్కరణకు నమోదు చేసిన కారణాలేమిటి, 479 కింద సూపరింటెండెంటు ఎన్ని దరఖాస్తులు పంపారు, కోర్టు ఎన్నింటిని అంగీకరించిందని మాత్రమే అడగండి. ముప్పై రోజులలో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. వచ్చిన జవాబులను, రాని జవాబులను కూడా, తేదీలతో సహా ఒక పట్టికగా రాసి, మీకు అభ్యంతరం చెప్పిన అధ్యాపకులకే ముందుగా చూపించి, జిల్లాకూ జిల్లాకూ మధ్య తేడా ఉంటే అది దేనివల్ల వచ్చి ఉంటుందని వారిని అడగండి.